వచ్చే ఎండ, తిరిగిపోయే ఎండ: ఆల్బెడో లెక్క వెనుక చరిత్ర

భూమి వేడెక్కడం గురించి ఎక్కడ వాదన జరిగినా "అంతా సూర్యుడి వల్లే" అనేవారు ఒకరుంటారు. ఆ మాట నిజమో కాదో తేల్చాలంటే రెండు లెక్కలు తెలియాలి: సూర్యుడి నుంచి ఎంత వస్తోంది, అందులో భూమి ఎంత తిప్పి పంపుతోంది. తిప్పి పంపే ఈ వంతునే ఆల్బెడో అంటారు. రెండూ అంత తేలిగ్గా చిక్కలేదు.

మొదటిదాన్ని 1838లో ఫ్రాన్స్‌కు చెందిన క్లోడ్ పూయే కొలిచాడు. మసి పూసిన పాత్రలో నీళ్లు నింపి ఎండకు పెట్టి, అవి ఎంత వేడెక్కాయో చూశాడు. దారిలో గాలి మింగిన భాగాన్ని అంచనా వేసి కలిపాడు. చదరపు మీటరుకు సుమారు 1,230 వాట్లు వచ్చింది. ఇప్పటి విలువ 1,361. ఆ రోజుల పరికరంతో ఇంత దగ్గరికి రావడం గొప్పే.

1978లో నింబస్-7 ఉపగ్రహంతో అంతరిక్షం నుంచి వరుస కొలతలు మొదలైనా చిక్కు తీరలేదు. ఒక పరికరం 1,371 అంటే ఇంకొకటి 1,367 అనేది. పాత పరికరాల్లో కాంతి ముందు పెద్ద రంధ్రం గుండా వచ్చి, కచ్చితమైన చిన్న రంధ్రం లోపలెక్కడో ఉండేది. మధ్యలో చెదిరిన కాంతి కూడా లెక్కలో పడేది. 2003లో ఎగిరిన సోర్స్ ఉపగ్రహంలోని పరికరానికి చిన్న రంధ్రాన్నే ముందు పెట్టారు, విలువ 1,361కి దిగింది. అయితే హెచ్చుతగ్గుల విషయంలో పాతవీ కొత్తవీ ఒకే మాట చెప్పాయి: సూర్యుడి చురుకుదనం పెరిగి తగ్గే పదకొండేళ్ల సూర్యచక్రంలో తేడా 0.1 శాతమే. భూమి గోళం కాబట్టి, ఎండ దాని మొత్తం ఉపరితలానికీ పంచుకుపోతుంది; అందుకని ఆ తేడాను నాలుగుతో భాగించి, తిరిగిపోయే భాగం తీసేస్తే 0.2 వాట్లు మిగులుతాయి. పైగా 1978 నుంచి అది పెరుగుతూ పోయిందీ లేదు. సూర్యుడి మీద నింద అక్కడే వీగిపోతుంది.

ఇక తిరిగిపోయేది. 1920లలో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త ఆంద్రే దాంజోఁ చంద్రుడి చీకటి భాగంపై పడే భూకాంతిని, అంటే భూమి తిప్పి పంపిన ఎండను, కొలిచి, ఆల్బెడో 0.4కు దగ్గరగా ఉందన్నాడు. 1960లలో ఉపగ్రహాలు దాన్ని 0.3కి దించాయి. సగటున అందే 340 వాట్లలో (1,361లో నాలుగో వంతు) దాదాపు 100 వెనక్కి పోతాయన్నమాట. ఆల్బెడో 0.01 తగ్గితే 3.4 వాట్లు అదనంగా లోపలికి వస్తాయి. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే కలిగే ప్రభావం 4 వాట్లకు దగ్గర.

1969లో వాతావరణ శాస్త్రవేత్తలు బుడికో, సెల్లర్స్ విడివిడిగా చూపించింది మంచు సంగతి. తాజా మంచు 80 శాతానికి పైగా తిప్పి పంపుతుంది, అది కరిగి బయటపడిన సముద్రం ఆరేడు శాతమే. కరిగే కొద్దీ వేడి, వేడెక్కే కొద్దీ కరగడం. ఈ చక్రం నిజమే కానీ, ప్రచారంలో దాని వాటా పెంచి చెబుతుంటారు. వెనక్కి పోయే 100 వాట్లలో నేల, సముద్రం, మంచు కలిసి పంపేది పాతికే. మిగతాది మేఘాలు, గాలి, అందులోని ధూళికణాల పని.

నేల దగ్గర కొలవడం చూడ్డానికి సులువు: ఒకే స్తంభానికి రెండు పైరనోమీటర్లు (ఎండను కొలిచే పరికరాలు), ఒకటి ఆకాశం వైపు, ఒకటి నేల వైపు. కిందిదాని రీడింగ్‌ను పైదానితో భాగించడమే. కానీ పైదాని గాజు గోపురంపై మంచు పేరుకుంటే ఆల్బెడో 1 దాటిపోతుంది. స్తంభం నీడ కింద పడితే తగ్గుతుంది. సూర్యుడు వాలే కొద్దీ విలువ పెరుగుతుంది కాబట్టి మధ్యాహ్నపు రీడింగులే నమ్మదగ్గవి. కంటిచూపునూ నమ్మకూడదు. పాతబడిన మంచులో రేణువులు పెద్దవై, కంటికి తెల్లగానే కనిపిస్తూ పరారుణ కాంతిని ఎక్కువగా మింగేస్తాయి.

2000 నుంచి ఉపగ్రహాలపై ఉన్న సెరెస్ పరికరాలు భూమి ఆల్బెడో తగ్గుతోందని చూపిస్తున్నాయి. సముద్రపు మంచు తగ్గడం, కింది మేఘాలు పలచబడడం, కాంతిని తిప్పి పంపే పొగకాలుష్యం తగ్గడం కారణాలు. ఆ కాలుష్యం తగ్గించేందుకే 2020లో నౌకల ఇంధనంలో గంధకం పరిమితిని 3.5 నుంచి 0.5 శాతానికి దించారు. వీటిలో దేని వాటా ఎంతన్నదే ఇప్పటి వాదన. తిరిగిపోయే కాంతి అసలు విలువలో సెరెస్‌కు ఒక శాతం, అంటే ఒక వాట్ వరకు తేడా ఉండొచ్చు. భూమి పట్టి ఉంచుకుంటున్న అదనపు శక్తి కూడా ఇంచుమించు అంతే. ఏళ్ల తరబడి వచ్చే మార్పును మాత్రం అవి నమ్మకంగా పట్టుకుంటాయి. అందుకే పాత ఉపగ్రహం ఆగేలోపే కొత్తది పక్కన పనిచేస్తూ ఉండాలి. మధ్యలో ఖాళీ వస్తే రెండు వరుసలను కలిపి కుట్టే దారి ఉండదు.