గోధుమ మానే ముందు ఒక రక్తపరీక్ష

2014లో ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక చిన్న ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. గోధుమ పడదని మానేసి కాస్త కుదుటపడిన 22 మంది అందులో పాల్గొన్నారు. వాళ్లలో ఎవరికీ సీలియాక్ వ్యాధి (గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే జబ్బు) లేదు. మూడు రోజులు గ్లూటెన్ కలిపిన తిండి, మరో మూడు రోజులు పాల నుంచి తీసే వే ప్రోటీన్ కలిపిన తిండి, ఇంకో మూడు రోజులు ఏమీ కలపని తిండి పెట్టారు. ఎప్పుడు ఏది తింటున్నారో వాళ్లకు చెప్పలేదు. కడుపు బాధల్లో తేడా కనబడలేదు. కానీ ఏమీ కలపని రోజులకంటే గ్లూటెన్ తిన్న రోజుల్లో దిగులు స్కోరు పెరిగింది. వే ప్రోటీన్ రోజులతో పోలిస్తే మాత్రం ఆ తేడా గట్టిగా చెప్పగలిగినంత లేదు.

గోధుమ మానేశాక మనసు తేలికపడిందని చెప్పేవాళ్లను "అంతా మీ భ్రమ" అని కొట్టిపారేసేవాళ్లు ఈ ఫలితాన్ని ఒకసారి చూడాలి. అలాగని 22 మంది మూడేసి రోజుల అనుభవాన్ని పట్టుకుని అందరూ గోధుమ మానేయాలని చెప్పడం కూడా తప్పే.

గట్టిగా చెప్పగలిగేది సీలియాక్ వ్యాధి గురించి. ప్రపంచంలో దాదాపు నూటికి ఒకరికి ఇది ఉంటుంది. గోధుమపిండి ముద్ద సాగడానికి కారణమైన గ్లూటెన్‌ను వీళ్ల రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా చూస్తుంది. ఆ పోరులో దెబ్బ తినేది సొంత చిన్నపేగే. పోషకాలను పీల్చుకునే సన్నని మొలకలు అరిగిపోతాయి. ఇనుము, ఫోలేట్ వంటివి తిన్నా ఒంటికి పట్టవు. ఇనుము తగ్గితే నీరసం, ఏకాగ్రత లేకపోవడం, ఉత్సాహం చచ్చిపోవడం మామూలే. చాలామంది పెద్దవాళ్లలో విరేచనాలు, కడుపునొప్పి పెద్దగా ఉండవు. అలసట, చిరాకు, దిగులే పైకి కనబడతాయి. దాంతో అసలు కారణం ఏళ్ల తరబడి దొరకదు. ఇలాంటివాళ్లు గ్లూటెన్ పూర్తిగా మానేస్తే డిప్రెషన్ లక్షణాలు తగ్గుతాయని పలు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది.

సీలియాక్ జబ్బుకూ గోధుమకూ ఉన్న లంకెను పట్టుకున్నది నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విల్లెమ్ డికె. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల అక్కడ బ్రెడ్ దొరక్కుండా పోయింది. దేశమంతా ఆకలితో అల్లాడుతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం కోలుకున్నారు. బ్రెడ్ మళ్లీ రాగానే జబ్బు తిరగబెట్టింది.

సీలియాక్ లేనివాళ్ల విషయంలో గ్లూటెన్ ఒక్కదాన్నే దోషిని చేయలేం. గోధుమలో ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలూ ఉంటాయి. ఉల్లి, వెల్లుల్లిలో కూడా ఇవే ఉంటాయి. 2018లో నార్వే పరిశోధకులు, గ్లూటెన్ పడదనుకునే 59 మందికి తెలియకుండా రెండూ విడివిడిగా పెట్టి చూస్తే ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఫ్రక్టాన్లే. పైగా గోధుమ మానేయగానే బిస్కెట్లు, కేకులు, పిజ్జాలు కూడా పోతాయి. వాటి స్థానంలో కూరగాయలు, పప్పులు వస్తే ఒంట్లో వచ్చిన మార్పు దేనివల్లో ఎలా చెప్పగలం? 2017లో వెలువడిన మరో ఆస్ట్రేలియా అధ్యయనంలో డిప్రెషన్ ఉన్న 67 మందిలో కొందరికి 12 వారాలు మంచి ఆహారం అలవాటు చేశారు. వాళ్లలో 32 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. ఆహారం మార్చకుండా మాటసాయం మాత్రమే అందినవాళ్లలో అది 8 శాతం. ఆ మంచి ఆహారంలో పొట్టు తీయని ధాన్యాలు కూడా ఉన్నాయి.

ఒక్క మాట మాత్రం పెద్ద అక్షరాలతో రాయాలనిపిస్తుంది. అనుమానం ఉంటే గోధుమ మానకముందే సీలియాక్ రక్తపరీక్ష చేయించుకోండి. ఆ పరీక్ష వెతికేది సీలియాక్ ఉన్నవాళ్లు గ్లూటెన్ తింటున్నప్పుడు శరీరం తయారుచేసే యాంటీబాడీలను. మానేసి కొన్ని నెలలైతే అవి తగ్గిపోతాయి, జబ్బున్నా పరీక్షలో దొరక్కపోవచ్చు. అప్పుడు పరీక్ష కోసమే మళ్లీ వారాల తరబడి గోధుమ తినాల్సి వస్తుంది. మానేసి హాయిగా ఉన్నవాళ్లకు అది నరకం. డిప్రెషన్ మందులు వాడుతున్నవాళ్లు తిండి మార్చాం కదా అని వాటిని సొంతంగా ఆపకూడదు.

సీలియాక్ ఉందని తేలి గ్లూటెన్ మానేసినవాళ్లకూ మనసు మర్నాడే కుదుటపడదు. పెద్దవాళ్లలో పేగు మానడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఈలోగా నలుగురితో కూర్చుని తినాల్సిన ప్రతిచోటా "ఇందులో ఏముంది?" అని అడగాల్సిరావడం కొత్త టెన్షన్. అది ఒంటరితనంగా మారకుండా చూసుకోగలిగేది ఇంట్లోవాళ్లూ స్నేహితులే. వడ్డించే ముందు ఆ ప్రశ్నేదో వాళ్లే అడిగితే చాలు.