మీ సీసా అందింది

నల్లగొండ,
ఆదివారం ఉదయం

చిరంజీవులైన మనవడికీ, మనవరాళ్ళిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మీ నాన్న చేతికిచ్చి పంపిన సెంటు సీసా క్షేమంగా చేరింది. మూత తీశానో లేదో, వంటింట్లోంచి మీ నాయనమ్మ "పన్ను నొప్పి మళ్ళీ మొదలైందా?" అని కేకేసింది. సీసా మీద అంటించిన చీటీలో ఆరు నూనెల పేర్లున్నాయి: బత్తాయి, నిమ్మగడ్డి, నీలగిరి, మల్లె, లవంగం, వట్టివేరు. ఆమె ముక్కుకు తగిలింది లవంగం ఒక్కటే. మిగతా అయిదూ ఏమయ్యాయని మీరు అడగలేదు. కానీ ముప్పై ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పి బతికినవాణ్ణి, అడక్కపోయినా చెప్పకుండా ఉండలేను.

చీటీ చివర "అన్నీ పదేసి చుక్కలు" అని రాశారు. ముగ్గురూ తగవు లేకుండా పంచుకునే పిల్లలు కదా, వాసనలకూ అదే న్యాయం చేశారు. పులుసులో ఉప్పు, కారం, చింతపండు, బెల్లం సమానంగా వేస్తే ఎవరైనా నోట పెడతారా? లవంగ నూనెలో ఎక్కువ భాగం యూజెనాల్ అనే పదార్థం. పంటి నొప్పికి పనిచేసేదీ, నాయనమ్మకు అనుమానం తెప్పించిందీ అదే. ఆ నూనె చుక్కలతో కొలిచేది కాదు. అగ్గిపుల్ల కొన దానిలో ముంచి, ఆ పుల్లతో మిగతా నూనెల్ని ఒకసారి కలియబెడితే చాలు. మోతాదు మించితే చర్మం మండుతుంది కూడా.

సరే, మీ సీసాలోంచి ఒక చుక్క తెల్ల కాగితం ముక్క మీద వేసి, అలమర మీద పెట్టాను. నాయనమ్మ ఒప్పుకోదు గానీ, ముక్కు బాగా ఆనించి చూస్తే మొదట బత్తాయి, నీలగిరి లీలగా తెలిశాయి. అరగంటకు అవి లేవు. మధ్యాహ్నమంతా లవంగానిదే రాజ్యం. మర్నాడు పొద్దున పాలు తెచ్చి వచ్చి చూస్తే లవంగం పలచబడింది, దాని కింద నుంచి వట్టివేరు లేచింది! తడిసిన మట్టిలాంటి ఆ చల్లని వాసన మూడో రోజూ కాగితాన్ని వదల్లేదు. మీ నూనెలు ఎక్కడికీ పోలేదు, పిల్లలూ. ఎవరి వేళకు వాళ్ళు వచ్చి వెళ్ళారు, అంతే.

పప్పుచారుకు పోపు పెట్టినప్పుడు వీధి చివరిదాకా వచ్చే ఇంగువ వాసన, తినే వేళకు అంత ఉండదు కదా. ఇదీ అలాంటిదే. బరువు తక్కువ అణువులు చప్పున గాలిలోకి లేస్తాయి, బరువైనవి ఆలస్యంగా కదులుతాయి. సెంటు చేసేవాళ్ళు దీన్నిబట్టే నూనెల్ని మూడు రకాలుగా చూస్తారు. నేను వాటిని పై వాసన, నడిమి వాసన, అడుగు వాసన అంటాను. నారింజ జాతివి, నీలగిరి పై వాసనలు. గులాబీ, జెరేనియం అనే మొక్క నూనెలాంటివి నడిమివి. వట్టివేరు, చందనం, దేవదారు అడుగువి. అడుగు లేకుండా పై వాసన ఎంత పోసినా అది అరగంట ముచ్చటే.

మీ ఆరింటిలో నాకు ఎక్కువ ఇష్టమైంది బత్తాయి. మన జిల్లా పంట అనే పక్షపాతం ఉంది, దాచుకోను. మనం బత్తాయి అనే సాత్‌గుడి, వృక్షశాస్త్రం లెక్కలో తీపి నారింజే. అందుకే మీరు కొన్న సీసా మీద స్వీట్ ఆరెంజ్ అని ఉంది. మా చిన్నప్పుడు తోటలో రాత్రి కావలి పడుకుంటే, తొక్కను బుడ్డి దీపం దగ్గర మడిచి నొక్కేవాళ్ళం. చిటపటమని నిప్పురవ్వలు లేచేవి. తొక్కలోని చిన్న చిన్న తిత్తుల్లో ఉన్న నూనె చిమ్మి అంటుకోవడం వల్ల అలా మెరుస్తుంది. ఆ నూనెలో నూటికి తొంభై పాళ్ళకు పైగా లిమొనీన్ అనే పదార్థం ఉంటుంది. దీపంతో మీరు ఆడవద్దు. దాని బదులు ఊదిన రబ్బరు బుడగ మీద తొక్కను పిండి చూడండి, టప్పున పేలుతుంది. లిమొనీన్ రబ్బరునూ, థర్మాకోల్‌నూ కరిగిస్తుంది. ఇక మీరు ప్లాస్టిక్ సీసాలో ఎందుకు పోయకూడదో వేరే చెప్పాలా? ముదురు రంగు గాజు సీసా తీసుకోండి. గాలి తగిలి పాతబడిన నారింజ నూనె చర్మానికి దురద తెస్తుంది కాబట్టి దాన్ని ఫ్రిజ్‌లో పెట్టండి. నిమ్మ నూనె తొక్క పిండి తీసిందైతే, రాసుకుని ఎండలోకి వెళ్ళకూడదు, చర్మం కమిలిపోతుంది.

మల్లె దగ్గర మాత్రం మీరు మోసపోయారు. మీ నాన్న చెప్పిన ధరకు దొరికిన ఆ నూనె మల్లె ముఖం చూసి ఉండదు. వట్టివేరు, నిమ్మగడ్డిలాంటి వాటిని బట్టీ పెట్టి ఆవిరి పట్టి, ఆ ఆవిరిని చల్లార్చి, నీటి నుంచి వేరుపడిన నూనెను తీసుకుంటారు. మల్లె ఆ వేడికి తట్టుకోదు, వాసన పాడవుతుంది. అందుకే వెనకటివాళ్ళు నువ్వుల మధ్య మల్లెలు పరిచి, వాడిన పూలు తీసి కొత్తవి వేస్తూ, వాసన పట్టిన నువ్వుల్ని గానుగ ఆడించేవాళ్ళు.

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఇప్పటికీ డేగ్ అనే రాగి పాత్రలో పూలు, నీళ్ళు వేసి, సన్నని మంట మీద కాస్తారు. ఆవిరి వెదురు గొట్టం గుండా భప్కా అనే పాత్రలోకి దిగుతుంది. అందులో ముందే పోసి ఉంచిన చందన నూనె ఆ పూల వాసనను పట్టేసుకుంటుంది. అంటే అడుగు వాసన ముందు, పువ్వు తరువాత! కాల్చిన మట్టితో కూడా వాళ్ళు అత్తరు తీస్తారు. ఈసారి మీ నాన్నతో చార్మినార్ దగ్గరి అత్తరు దుకాణాలకు వెళ్ళినప్పుడు 'మిట్టీ' అని అడిగి వాసన చూడండి. మన చల్క నేల మీద తొలకరి పడ్డట్టు ఉంటుంది.

మీరు చేసిన ఇంకో పని, సీసా నిండలేదని నీళ్ళు పోయడం. నూనె పైన తేలి, కింద నీళ్ళు మబ్బుగా నిలిచాయి. నీళ్ళ బదులు జొజొబా అనే మొక్క గింజల నూనె పోయండి. శుద్ధి చేసిన కొబ్బరినూనె కూడా పనికొస్తుంది గానీ, చలికాలం గడ్డకడుతుంది. స్పిరిటు జోలికి పోవద్దు, అది అంటుకుంటుంది.

ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టండి. ఖాళీ సీసాలో ముందు దేవదారు మూడు చుక్కలు, వట్టివేరు ఒకటి. తరువాత జెరేనియం రెండు. చివర బత్తాయి నాలుగు. లవంగం అగ్గిపుల్ల కొన మాత్రమే. మూత బిగించి వారం రోజులు చీకట్లో ఉంచండి, ఆ వారంలో వాసనలు ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి. తరువాత అందులోంచి నాలుగు చుక్కలు తీసి, పది మిల్లీలీటర్ల జొజొబాలో కలపండి. నాలుగేనా అని మూతి ముడవకండి, పిల్లల చర్మానికి అంతకు మించి వద్దు. మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు ఆగి, ఎరుపు గానీ దురద గానీ లేకపోతేనే వాడండి. పక్కింటి పసిపాప దగ్గరికి నీలగిరి నూనె తీసుకెళ్ళకండి, పసివాళ్ళ ఊపిరికి అది మంచిది కాదు.

ప్రతి చుక్కా నోటుపుస్తకంలో ఎక్కాలి. మీ ఆరు నూనెల్లోంచి మూడేసి ఏరితేనే ఇరవై కలయికలు వస్తాయి, కావాలంటే లెక్కపెట్టుకోండి. ఆరో శతాబ్దంలో జ్యోతిశ్శాస్త్రవేత్త వరాహమిహిరుడు బృహత్సంహిత అనే గ్రంథంలో గంధాలు కలపడం గురించి ఒక అధ్యాయమే రాశాడు. 16 ద్రవ్యాల్లోంచి నాలుగేసి తీసుకుంటే 1820 రకాలవుతాయని అందులో లెక్క కట్టాడు. పాళ్ళు మార్చుకుంటూ పోతే ఇంకెన్నో! పెద్దమ్మాయి ఇంటర్‌లో చదవబోయే లెక్క అది. పరీక్ష కోసం కాకుండా ముక్కు కోసం నేర్చుకుంటే తొందరగా వస్తుందని నా నమ్మకం.

దసరాకు వచ్చేటప్పుడు రెండో సీసా తీసుకురండి. చీటీ మీద కలిపిన తేదీ కూడా వేయండి. వచ్చీ రాగానే తెరవద్దు. నాయనమ్మ వంటింట్లో ఉన్నప్పుడు మెల్లగా మూత తీద్దాం, ఈసారి ఏమంటుందో చూడాలి.

ఇట్లు,
మీ తాతయ్య