ఇంట్లో పిల్లులు ఎక్కువైతే: లిట్టర్ బాక్స్ చుట్టూ అపోహలు, వాస్తవాలు

ఇంట్లో పిల్లి మలమూత్రాలకు పెట్టే పెట్టె లిట్టర్ బాక్స్, అందులో పోసే ఇసుకలాంటి పదార్థం లిట్టర్. పిల్లులకు వైద్యం చేసే మాకు తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది: ‘పెట్టె వదిలేసి పరుపు మీద మూత్రం పోస్తోంది, ఇక మావల్ల కాదు’. ఆ మాట అన్నాక ఎన్నో పిల్లులు ఇంటికి దూరమవుతాయి. ఇది నన్ను చాలా బాధపెడుతుంది, ఎందుకంటే వాటిలో చాలావరకు సరిదిద్దగల సమస్యలే. అడ్డుపడేది మనం గట్టిగా నమ్మే కొన్ని మాటలు.

అపోహ: కక్షతో చేస్తోంది.

వాస్తవం: పిల్లి మూత్రంతో పగ తీర్చుకోదు. ముందుగా జబ్బు ఉందేమో చూడాలి. మూత్రాశయం వాచిన పిల్లికి మూత్రం పోసేటప్పుడు నొప్పి వస్తుంది. ఆ నొప్పిని అది పెట్టెతో ముడిపెట్టుకుంటుంది. అప్పటినుంచి మెత్తటి దుప్పటో, చల్లటి స్నానాలగది నేలో వెతుక్కుంటుంది. ముసలి పిల్లికి కీళ్లనొప్పుల వల్ల ఎత్తు అంచు దాటడం కష్టం. మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉంటే మూత్రం ఎక్కువగా వస్తుంది, పెట్టె త్వరగా తడిసిపోతుంది.

ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి. మగపిల్లి పదేపదే పెట్టెలోకి వెళ్లి, ముక్కుతూ, అరుస్తూ, చుక్క కూడా పోయలేకపోతే అది అలవాటు సమస్య కాదు. మూత్రమార్గం మూసుకుపోయి ఉండవచ్చు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అపోహ: మూడు పిల్లులకు మూడు పెట్టెలు వరసగా పెట్టాం, ఇంకేం కావాలి?

వాస్తవం: ఎన్ని పిల్లులుంటే అన్ని పెట్టెలు, పైన మరొకటి అన్నది మేం చెప్పే లెక్క. కానీ ఒకే గోడవారగా ఆనించి పెట్టిన నాలుగు పెట్టెలు పిల్లి దృష్టిలో ఒకే చోటు. ఆ చోటికి వెళ్లే దారిని ఒక పిల్లి ఆక్రమిస్తే నాలుగూ పోయినట్లే.

ఈ ఆక్రమణ మన కళ్లకు కనిపించదు. పిల్లుల తగవులు అంటే గుర్రుమనడం, పంజా విసరడం అనుకుంటాం. ఎక్కువ భాగం నిశ్శబ్దంగా సాగుతాయి. నడవలో, సరిగ్గా గుమ్మానికి అడ్డంగా ఒక పిల్లి పడుకుని ఉంటుంది. చూస్తే హాయిగా కునుకు తీస్తున్నట్టే ఉంటుంది. తోక కొస మాత్రం కదులుతుంటుంది, చూపు ఎదుటి పిల్లి మీద నిలిచి ఉంటుంది. ఆ రెండో పిల్లి నాలుగడుగులు వేసి ఆగుతుంది, పక్కకు చూస్తుంది, కాసేపు పెదవులు నాకుతుంది, వెనక్కి తిరుగుతుంది. అరుపు లేదు, కొట్లాట లేదు. గంట తర్వాత సోఫా వెనుక తడి కనిపిస్తుంది, తిట్లన్నీ రెండో పిల్లికే. ఇలాంటి ఇళ్లలో తప్పు చేసినట్టు కనిపించే పిల్లి నిజానికి బాధిత పిల్లి.

అందుకే పెట్టెలు కొనేముందు ఒకరోజు కూర్చుని చూడండి. ఎవరు ఎవరిని నాకుతున్నారు, ఎవరు ఎవరికి ఆనుకుని నిద్రపోతున్నారు, ఎవరిని చూసి ఎవరు దారి మార్చుకుంటున్నారు? ఒకరినొకరు నాకుతూ కలిసి పడుకునేవి ఒక జట్టు. జట్టులో చేరనివి వేరే. ఒక్కో జట్టు తిరిగే చోట దానికంటూ పెట్టె, తిండి, నీళ్లు, ఎక్కి కూర్చునే చోటు ఉండాలి. తిండి గిన్నె మాత్రం పెట్టెకు దూరంగా పెట్టండి. పెట్టెలో కూర్చున్న పిల్లికి గుమ్మం కనిపించాలి, వీలైతే తప్పుకుని పోవడానికి రెండు దారులుండాలి.

అపోహ: బయట పోస్తున్నది ఏ పిల్లో మాకు తెలుసు.

వాస్తవం: చాలాసార్లు అనుమానం తప్పవుతుంది. ఫ్లోరెసిన్ అనే రంగుమందును అనుమానమున్న పిల్లికి ఇస్తే, దాని మూత్రం అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది. ఇది పశువైద్యుల చేతుల మీదుగానే జరగాలి. మలం విషయంలో అయితే విషరహితమైన మైనపు క్రేయాన్‌ను సన్నగా తురిమి ఒక్క పిల్లి తిండిలో కలిపితే రంగు ముక్కలే చెబుతాయి. గదిలో వేరుగా ఉంచి చూడటం కూడా ఒక పద్ధతే, కానీ వేధించే పిల్లి కనిపించకపోవడంతోనే సమస్య ఆగిపోవచ్చు. అప్పుడు లోపలున్న పిల్లే దోషి అని తేల్చేయకండి.

అపోహ: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం, ఇక స్ప్రే చేయదు (గోడల మీద మూత్రం చిమ్మి గుర్తు పెట్టదు).

వాస్తవం: ఆపరేషన్‌తో చాలా పిల్లులు మానేస్తాయి, అన్నీ కాదు. ఆపరేషన్ అయిన మగపిల్లుల్లో దాదాపు 10 శాతం, ఆడపిల్లుల్లో 5 శాతం వరకు స్ప్రే చేస్తాయి. మామూలు మూత్రానికీ దీనికీ తేడా భంగిమలో ఉంది. మూత్రానికి పిల్లి కూర్చుంటుంది, నేల మీద మడుగు కడుతుంది. స్ప్రే చేసే పిల్లి నిలబడి గోడకు వీపు తిప్పుతుంది, తోక నిటారుగా లేచి వణుకుతుంది, వెనుక కాళ్లు అక్కడే తొక్కుతుంటాయి, గోడ మీద కొద్దిగా చిమ్ముతుంది. పెట్టెలు పెంచినంత మాత్రాన ఇది తగ్గదు. కిటికీ అవతల తిరిగే బయటి పిల్లో, ఇంట్లోకి హఠాత్తుగా వచ్చిన కొత్త పిల్లో కారణమా అని చూడాలి. బయటి పిల్లి అయితే ఆ కిటికీ అద్దానికి కింది సగం కాగితం అంటించడం కూడా పనిచేస్తుంది.

అపోహ: మూత ఉన్న పెట్టె, సువాసన లిట్టర్ మంచివి.

వాస్తవం: అవి మన ముక్కు కోసం తయారైనవి. చాలా పిల్లులు వాసన లేని, సన్నటి, గడ్డకట్టే లిట్టర్‌నే ఇష్టపడతాయి. మూత విషయంలో అన్నింటికీ ఒకే అభిరుచి లేదు, కానీ పొంచి ఉండే పిల్లి ఉన్న ఇంట్లో ఒకే ద్వారం ఉన్న పెట్టె ఉచ్చు లాంటిది. పెట్టె పొడవు ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. దుకాణాల్లో దొరికే చాలా పెట్టెలు ఈ కొలతకు చాలవు. బట్టలు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బాకు ఒకవైపు అంచు తగ్గించి కోస్తే సరిపోతుంది. కోసిన అంచు గీరుకోకుండా నునుపు చేయాలి. రోజుకు కనీసం ఒకసారి, పిల్లులు ఎక్కువైతే రెండుసార్లు తీసి శుభ్రం చేయాలి.

అపోహ: ముక్కును అందులో రుద్దితే బుద్ధి వస్తుంది.

వాస్తవం: భయం వస్తుంది. మనం లేనప్పుడు, ఇంకా చాటుగా పోయడం నేర్చుకుంటుంది. భయం వల్ల మూత్రాశయం వాపు మళ్లీ తిరగబెట్టే ప్రమాదం కూడా ఉంది.

అపోహ: ఫినాయిల్‌తో కడిగితే వాసన పోతుంది.

వాస్తవం: ఫినాల్ రకం క్రిమినాశకాలు పిల్లులకు విషం. అమ్మోనియా ఉన్నవి మూత్రం వాసననే గుర్తుచేస్తాయి. బ్లీచింగ్ ద్రవం మూత్రంతో కలిస్తే హానికరమైన ఆవిర్లు వస్తాయి. మూత్రం మరకల కోసమే ఎంజైములతో చేసిన ద్రవం వాడండి. పైపైన తుడవకుండా మూత్రం ఎంత లోతుకు ఇంకిందో అంత లోతుకు తడిచేలా పోసి, దానంతట అదే ఆరనివ్వండి. ఆరాక ఆ చోట తిండి గిన్నె పెట్టవచ్చు, తినే చోట పిల్లులు సాధారణంగా మూత్రం పోయవు. పెట్టెను కొత్త చోటికి మార్చినా, లిట్టర్ రకం మార్చినా, కొత్తదాన్ని పిల్లులన్నీ వాడుతున్నాయని కళ్లారా చూసేవరకు పాతదాన్ని తీసేయకండి.