పెనిన్సులా సంగతి

పిల్లలూ,

‘మన కోనసీమ కూడా పెనిన్సులాయేనా తాతయ్యా?’ అని ఫోన్లో అడిగారు కదా. కాదమ్మా. మూడు వైపులా నీళ్ళుండి, ఒక వైపు నేలని అంటుకుని ఉంటే పెనిన్సులా. మనకి ఆ అంటుకున్న వైపే లేదు. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలి తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ, దక్షిణాన బంగాళాఖాతం. యానాం వెళ్ళాలంటే ఎదుర్లంక వంతెన దాటాలి, నరసాపురం వెళ్ళాలంటే వశిష్ఠ దాటాలి. మనది అచ్చమైన ద్వీపం.

ఇక మాట సంగతి. లాటిన్‌లో పేనే అంటే దాదాపు, ఇన్సులా అంటే ద్వీపం. కలిపితే ‘దాదాపు ద్వీపం’. మన ‘ద్వీపకల్పం’ కూడా అచ్చం అలా కట్టిన మాటే. ఇందులో కల్పం అంటే యుగాల లెక్క అనుకునేరు, అది వేరు. సంస్కృతంలో మాట చివర ‘కల్ప’ చేరిస్తే దానికి కాస్త తక్కువ అని అర్థం. పాణిని దీనికి సూత్రమే రాశాడు. మృతకల్పుడు అంటే చచ్చినంత పనైనవాడు.

నన్నడిగితే ఇన్సులాయే అసలు మజా. మోటారు వైరుకి చుట్టే ఇన్సులేషన్ టేపులో ఉన్నది అదే: కరెంటు పక్కవాటికి తగలకుండా ద్వీపంలా విడదీయడం. కరోనాలో అందరి నోటా నలిగిన ఐసొలేషన్ కూడా ఈ ఇంటిదే, ఇటలీ, ఫ్రాన్సుల మీదుగా చుట్టు తిరిగి ఇంగ్లీషులోకి వచ్చింది. మామ్మ ఫ్రిజ్‌లో దాచుకునే ఇన్సులిన్ సరేసరి. 1869లో లాంగర్‌హాన్స్ అనే జర్మన్ కుర్రాడు, అప్పటికింకా వైద్య విద్యార్థి, మైక్రోస్కోపులో క్లోమాన్ని చూస్తుంటే గోదాట్లో లంకల్లా విడివిడిగా కణాల గుంపులు కనిపించాయి. తర్వాతివాళ్ళు వాటికి లాంగర్‌హాన్స్ దీవులని పేరు పెట్టారు. ఆ దీవుల్లో పుట్టే హార్మోను గనక ఇన్సులిన్. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ దాన్ని బయటికి తీశారు. ఆ మరుసటేడు నుంచే షుగర్ రోగుల ప్రాణాలు నిలబడ్డాయి.

తమాషా ఏమిటంటే, ‘ఐలాండ్’ మాత్రం ఇన్సులా బిడ్డ కాదు. అది పాత ఇంగ్లీషు మాట, మొదట్లో స్పెల్లింగులో ‘ఎస్’ లేనేలేదు. ఫ్రెంచి నుంచి వచ్చిన ‘ఐల్’తో చుట్టరికం ఉందనుకుని 16వ శతాబ్దం ప్రాంతంలో ఆ ‘ఎస్’ తెచ్చి ఇరికించారు. ఐల్ నిజంగానే ఇన్సులా సంతానం, ఐలాండ్‌కి ఆ చుట్టరికం లేదు. అందుకే ఆ ‘ఎస్’ ఎన్నడూ పలకలేదు. అలాగని డిక్టేషన్‌లో వదిలేయకండి, మీ టీచరుగారు మార్కు కోసేస్తారు.

మీ తాతయ్య