మూడు డోసులు పడ్డాయి సరే, రక్షణ వచ్చిందా?

రోగికి ఇంజెక్షన్ చేసి సూదిని పారవేసే తొందరలో అది నర్సు వేలికి గుచ్చుకోవడం ఏ ఆసుపత్రిలోనైనా జరిగేదే. ఆ రోగి రక్తంలో కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఉండి, నర్సుకు దాన్ని ఎదుర్కొనే శక్తి లేకపోతే, వైరస్ తీవ్రతను బట్టి సోకే అవకాశం 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. ఇలాంటి ప్రమాదంలోనే హెచ్‌ఐవీ సోకే అవకాశం సుమారు 0.3 శాతం. అయినా మన భయమంతా హెచ్‌ఐవీ మీదే ఉంటుంది. ఎండిన రక్తపు మరకలో సైతం హెపటైటిస్ బి వైరస్ కనీసం ఏడు రోజులు సజీవంగా ఉంటుందన్న సంగతి ఆసుపత్రి సిబ్బందిలోనే చాలామందికి తెలియదు.

ఈ వైరస్‌ను అడ్డుకునే టీకా ఉంది; దాని కొరత ఇప్పుడు సాకు కాదు. 1997లో హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ దేశీయంగా రూపొందించిన టీకాను విడుదల చేశాక దాని ధర సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. అయితే పసిపిల్లలకు ఈ టీకా వేయడం దేశమంతటికీ విస్తరించింది 2011 ప్రాంతంలోనే కనుక, నేడు వార్డుల్లో పనిచేస్తున్న వారిలో అత్యధికులు పెద్దయ్యాకే మూడు డోసులు వేయించుకోవాలి: మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మూడు డోసులూ పూర్తిచేసిన ఆరోగ్యవంతుల్లో కూడా వందకు ఐదు నుంచి పది మందిలో వైరస్‌ను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తగినన్ని తయారుకావు. నలభై దాటిన వయసు, స్థూలకాయం, పొగతాగడం, మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఈ ముప్పును పెంచుతాయి. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలల్లో రక్తంలో ప్రతిరక్షకాల స్థాయిని కొలిచే టైటర్ పరీక్ష చేయిస్తే, మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు లేదా అంతకు మించి ఉంటే రక్షణ లభించినట్టు. అంతకంటే తక్కువైతే మరో మూడు డోసులు వేసి మళ్లీ కొలవాలి. అప్పటికీ పెరగకపోతే, ఆ వ్యక్తికి ఇదివరకే ఈ వైరస్ సోకి ఉందేమో కూడా చూడాలి.

ఈ పరీక్షను సకాలంలో చేయించడం ఎందుకు ముఖ్యమో చూద్దాం. ఒకసారి 10 దాటిన వారిలో ఏళ్లు గడిచేకొద్దీ టైటర్ పడిపోయినా, రోగనిరోధక వ్యవస్థలోని జ్ఞాపక కణాలు నిలిచే ఉంటాయి. వైరస్ ప్రవేశించాక జబ్బు బయటపడడానికి సాధారణంగా రెండు నుంచి ఐదు నెలలు పడుతుంది. ఆ కణాలు మేల్కొని ప్రతిరక్షకాలను తయారుచేయడానికి రోజులు చాలు. అందుకే ఆరోగ్యవంతులకు బూస్టర్లు అవసరం లేదంటారు. కానీ మొదట్లో పరీక్షే చేయించుకోకుండా పదేళ్ల తర్వాత చేయిస్తే, తక్కువ టైటర్‌ను చూసి రక్షణ వచ్చాక టైటర్ తగ్గిందో, అసలు రక్షణ రానే లేదో ఎవరూ చెప్పలేరు.

నన్ను ఎక్కువగా కలచివేసేది పారిశుధ్య కార్మికుల పరిస్థితి. చెత్త సంచిలో పొరపాటున పడేసిన సూది గుచ్చుకునేది వారికే, అది ఏ రోగికి వాడినదో తెలియనిదీ వారికే. కాంట్రాక్టు మారినప్పుడల్లా మనుషులూ మారిపోతుంటే, ఆరు నెలలు ఆగి వేయాల్సిన మూడో డోసును గుర్తుపెట్టుకుని వేయించేవారెవరు? టీకా పనిచేయని వారికి సూది గుచ్చుకుంటే, నేరుగా ప్రతిరక్షకాలను అందించే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్‌ను వీలైతే 24 గంటల్లోపే ఇవ్వాలి. అది అవసరమో కాదో ఆ రాత్రి డ్యూటీ డాక్టరు వెంటనే తేల్చుకోవాలంటే, ఆ కార్మికుడి టీకా కార్డు మీద మూడు తేదీలతో పాటు టైటర్ అంకె కూడా రాసి ఉండాలి.