సువాసనల వైట్ వైన్, దానికి తగిన భోజనం: అపోహలు - వాస్తవాలు

వైన్ వడ్డించడం నా వృత్తి. గెవుర్ట్స్‌ట్రామినర్, మస్కట్, రీస్లింగ్, వియొనియే వంటి పరిమళ ప్రధానమైన వైట్ వైన్ల గురించి నేను వినే అపోహల్లో చాలావరకు ఒకే పొరపాటు నుంచి పుడతాయి. ముక్కుకు తెలిసినదే నాలుకకూ తెలుస్తుందని మనం నమ్మేస్తాం.

అపోహ: తీయని వాసన వస్తే వైన్ కూడా తియ్యగానే ఉంటుంది.

వాస్తవం: గెవుర్ట్స్‌ట్రామినర్‌లో గులాబీ, లిచీ వాసనలకు మూలం రోజ్ ఆక్సైడ్, జెరానియాల్ వంటి టెర్పీన్లు అనే సుగంధ పదార్థాలు, మస్కట్ పరిమళంలో ముఖ్యమైన లినలూల్ ధనియాలలోనూ ఉంటుంది. ద్రాక్షరసంలోని చక్కెరనంతటినీ ఈస్టు తినేసిన తరువాత కూడా ఈ పరిమళాలు మిగిలే ఉంటాయి కనుక, పూలతోటలా గుబాళించే వైన్‌లో తీపి బొత్తిగా లేకపోవచ్చు. సందేహించే అతిథిని ముక్కు మూసుకుని ఒక గుక్క తాగమంటాను. అప్పుడు నాలుకకు కాస్త పులుపు, చివర్లో చిరుచేదు మాత్రమే తెలుస్తాయి, ముక్కు వదలగానే గులాబీలు తిరిగి వస్తాయి. తీపి సంగతి సీసా మీదే చూసుకోవడం మేలు. ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతపు వైన్లకు 2021 పంట నుంచి తీపి స్థాయిని లేబుల్ మీద ముద్రించడం తప్పనిసరి అయింది.

అపోహ: కారపు వంటకాలకు గెవుర్ట్స్‌ట్రామినర్‌ను మించినది లేదు.

వాస్తవం: ఈ నమ్మకానికి ఆ పేరే కొంత కారణం, ఎందుకంటే జర్మన్ భాషలో ‘గెవుర్ట్స్’ అంటే సుగంధ ద్రవ్యం. అయితే అల్లం, దాల్చినచెక్కల సుగంధం వేరు, మిరపకాయ మంట వేరు. మిరపలోని క్యాప్సైసిన్ నోటిలో వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది; ఆల్కహాల్ అదే గ్రాహకాన్ని మరింత సున్నితం చేస్తుంది. గెవుర్ట్స్‌ట్రామినర్‌లో ఆల్కహాల్ తరచుగా 13 - 14 శాతం ఉంటుంది, పులుపు తక్కువ. కాబట్టి బాగా కారంగా ఉన్న వంటకంతో దానిని తాగితే మంట తగ్గకపోగా రెట్టింపైనట్టు అనిపిస్తుంది. అలాంటప్పుడు నేను జర్మనీలోని మోజెల్ లోయలో తయారయ్యే, కొంచెం తీపి మిగిలిన ‘కాబినెట్’ అనే తేలికపాటి తరగతి రీస్లింగ్‌ను ఎంచుకుంటాను. అందులో ఆల్కహాల్ చాలాసార్లు 8 - 9 శాతమే ఉంటుంది, తీపి మంటను చల్లారుస్తుంది, పదునైన పులుపు నోటిని మళ్లీ తేటపరుస్తుంది. మిరప అంతగా లేకుండా అల్లం, లవంగం, దాల్చినచెక్కలు ముందుండే వంటకమైతే గెవుర్ట్స్‌ట్రామినర్ నిస్సందేహంగా గొప్ప జోడీ.

అపోహ: వైట్ వైన్ కనుక చేపలకే సరిపోతుంది.

వాస్తవం: ఆవిరి మీద ఉడికించిన సున్నితమైన చేపను గెవుర్ట్స్‌ట్రామినర్ పూర్తిగా కప్పేస్తుంది, ఆ చేపకు తీపి లేకుండా, పుల్లగా ఉండే రీస్లింగ్ నయం. గెవుర్ట్స్‌ట్రామినర్ బలం కొవ్వు పట్టిన బాతు మాంసం దగ్గర, ఘాటైన వాసన వచ్చే చీజ్ దగ్గర తెలుస్తుంది. అల్సాస్ వారు తమ మున్‌స్టర్ చీజ్‌ను ఈ వైన్‌తోనే తింటారు. ఆ చీజ్ వాసనకు భయపడి వెనుకాడేవారిని ఒక్క ముక్క, ఒక్క గుక్క కలిపి రుచి చూడమని ఇప్పటికీ బతిమాలుతుంటాను.

అపోహ: ఎంత చల్లగా ఇస్తే అంత మంచిది.

వాస్తవం: ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన సీసాలో పరిమళం ముడుచుకుపోయి ఉంటుంది. 8 నుంచి 12 డిగ్రీల సెల్సియస్ మధ్య పోస్తే చాలు.

అపోహ: తీయని వైన్ ఏ మిఠాయితోనైనా కుదురుతుంది.

వాస్తవం: మిఠాయి వైన్ కంటే తియ్యగా ఉంటే, వైన్ పలుచగా, పుల్లగా తోస్తుంది. అందుకే వంటవారు తయారుచేసిన మిఠాయిని ముందుగా ఒక చెంచా తిని, ఆ రుచి నోట ఉండగానే వైన్ తాగి చూస్తాను. వైన్‌లో తీపి అప్పటికీ నిలబడితేనే ఆ సీసాను బల్ల మీదికి పంపుతాను.