చేతిపనుల కొట్టుకు ప్రకృతి పేరు: అపోహలు - వాస్తవాలు

కడపలో పదకొండేళ్లుగా లేబుళ్లు, ట్యాగులు, చిన్న బోర్డులు ప్రింట్ చేస్తున్నాను. గింజల దండలు, కొబ్బరి చిప్ప గిన్నెలు, వెదురు బుట్టలు, మట్టి కమ్మలు చేసేవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. ఒక డిజైను కోసం ఆరు నెలలు కష్టపడినవాళ్లు కూడా పేరు మాత్రం నా టేబుల్ ముందు కూర్చుని పది నిమిషాల్లో పెట్టేస్తారు. చూసినప్పుడల్లా బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నిఘంటువులో అర్థం బాగుంటే చాలు.

వాస్తవం: విన్న మనిషికి మొదట ఏది గుర్తొస్తుందో అదే ఆ పేరుకు అర్థం. గింజల నగలు చేసే ఒకమ్మాయి 'గురివింద' అని రాసుకొచ్చింది. ఎరుపు మీద నల్లచుక్క, లోగోకు అంత అందమైన గింజ ఇంకోటి లేదు. కంసాలులు బంగారం తూచిన గింజ కూడా. కానీ మన దగ్గర ఆ మాట అనగానే, తన కింద నలుపు ఎరగని గురివింద సామెతే నోటికొస్తుంది. పైగా అది విషపు గింజ. పిల్లలు నమిలి మింగితే ప్రాణానికే ముప్పు. పిల్లల గొలుసులు అమ్మే కొట్టుకు ఆ పేరు వద్దమ్మా అన్నాను.

అపోహ: సంస్కృతం పేరైతేనే హుందా.

వాస్తవం: రెండు సెంటీమీటర్ల ట్యాగు మీద 'వృక్షశ్రీ' అచ్చేస్తే వత్తుల మధ్య ఇంకు పూడుకుపోతుంది. చిగురు, ఊడ, మొగ్గ చక్కగా పడతాయి. ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాసి చూసుకోండి, దీర్ఘాలు అక్కడే పోతాయి. 'మేడి'ని బయటివాళ్లు 'మెడి' అని చదివి మందుల షాపు అనుకుంటారు.

అపోహ: 'ప్రకృతి', 'నేచురల్', 'హ్యాండ్‌మేడ్' అని ఉంటే అంతా చెప్పినట్టే.

వాస్తవం: సరుకు రకాన్నో, గుణాన్నో, ఊరినో మాత్రమే చెప్పే మాటను 1999 ట్రేడ్‌మార్కుల చట్టం 9వ సెక్షన్ కింద ట్రేడ్‌మార్కుగా రిజిస్టర్ చేయకుండా తిరస్కరించవచ్చు. వాడకంతో ప్రత్యేక గుర్తింపు వచ్చిందని చూపిస్తే తప్ప అది మీ ఒక్కరిదే అనడం కష్టం. పురాణాల పేర్లూ అంతే. 'రామాయణ్' పేరు మీద అగరబత్తుల కేసులో 2015లో సుప్రీంకోర్టు ఒక్కరికే హక్కు ఇవ్వనంది. ఇంకో మాట. ఎండుపూలను ఎపాక్సీ రెజిన్‌లో పోసి కమ్మలు చేస్తుంటే పేరులో 'సహజ' పెట్టకండి. రెజిన్ ప్లాస్టిక్కే. కొన్నవాళ్లకు తెలిసిన రోజున పూల మీద కూడా నమ్మకం పోతుంది. 'ఎర్రచందనం' కూడా వద్దు. కర్ర వేరేదైతే అబద్ధం, అసలుదైతే అటవీ శాఖ కాగితాలు చూపించాలి.

అపోహ: ఉద్యం సర్టిఫికెట్ వచ్చింది, ఇక పేరు నాదే.

వాస్తవం: ఉద్యం అంటే చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు మాత్రమే, పేరు మీద హక్కు కాదు. ట్రేడ్‌మార్క్‌కు వ్యక్తులు, చిన్న సంస్థలు ఆన్‌లైన్‌లో వేస్తే ఒక్కో క్లాసుకు, అంటే ఒక్కో సరుకు రకానికి, 4,500 రూపాయలు. నగలు 14వ క్లాసు, మట్టి పాత్రలు 21, ఆటబొమ్మలు 28. రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు ఉంటుంది, తర్వాత రెన్యువల్. ముందుగా ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో అదే పేరు ఉందేమో వెతకండి, అది ఉచితం. రిజిస్టర్ కాకముందే గుండ్రంలో 'ఆర్' గుర్తు వేయమని అడుగుతారు. అది నేరం, నేను వేయను.

న్యూమరాలజీ కోసం స్పెల్లింగులో అక్షరం పెంచితే ఫోన్‌లో వెతికేవాళ్లకు మీరు దొరకరు. అంతకుమించి దాని గురించి నేనేమీ అనను.

అపోహ: మన పిట్ట, మన ఏరు పేరు పెడితే మనవాళ్లకు నచ్చి తీరుతుంది.

వాస్తవం: 1986లో లంకమల దగ్గర మళ్లీ కనిపించిన అరుదైన పిట్ట కలివికోడి పేరు పెట్టుకున్న ఒకాయనకు చికెన్ రేటు అడుగుతూ ఫోన్లు వచ్చాయి. 'కోడి' తీసేసి, ముళ్లపొద పేరు 'కలివి' ఒక్కటే ఉంచాం. ఇప్పుడు బాగుంది.

రాజంపేట వైపు నుంచి వచ్చిన ఒక పిల్లోడు 'చెయ్యేరు' అన్నాడు. అందులో చెయ్యీ ఉంది, ఏరూ ఉంది. చేతిపనికి అంతకన్నా మంచి మాట నాకూ తట్టలేదు. కానీ 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఆ ఏరే పులపత్తూరు, మందపల్లి మీద పడింది. ఇళ్లు పోయాయి, మనుషులు పోయారు. "ఆ ఊళ్లోళ్లు నీ కొట్టుకు వస్తే బోర్డు చూసి ఏమనుకుంటారప్పా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వబోతే వద్దని, ఇంట్లో అడిగొస్తానని వెళ్లాడు.

వారం తర్వాత వచ్చి, వాళ్లమ్మ చెప్పిన మాట కాగితం మీద రాసి ఇచ్చాడు. 'చెలమ'. ఎండిన ఏట్లో, ఇసుకను చేత్తో తవ్వితే నీళ్లు ఊరే గుంట.